చెరి సగం పాస్‌వర్డు

పదో తరగతి ప్యాసైన ఏడాదే బర్నబాస్ శాలేము వైద్యశాలలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాడు. మదనపల్లెలోని ఆ పెద్దాసుపత్రికి పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి చిన్న శాఖలు ఉన్నాయి. ఎక్కడి నుంచి ఎవరికి ఫోన్ వచ్చినా తీగ తగిలించి కలపడం అతని పని. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ టెలిఫోన్ బల్ల తీసేశారు. మనిషిని పొమ్మనలేక కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టారు. చూసి చూసి నేర్చుకున్నాడు.

అతని భార్య మణెమ్మ అక్కడే నర్సు. ఆసుపత్రి వెనక క్వార్టర్సులో ఇద్దరూ పదహారేళ్లు కాపురం చేశారు. ఆరేళ్ల కిందట మణెమ్మను హెడ్ నర్సుగా కుప్పం మార్చారు. రెండు మూడు నెలల్లో తనకూ బదిలీ ఇస్తారనుకుని బర్నబాస్ ఆమె ట్రంకుపెట్టె బస్సెక్కించాడు. ఆ బదిలీ రాలేదు.

దానికి కారణం అంతకు మూడేళ్ల ముందు జరిగింది. మూడు ఊళ్ల సర్వర్లనూ కలపడానికి బెంగళూరు నుంచి గిరీష్ అనే ఇంజనీరు వచ్చాడు. పని పూర్తిచేసి బర్నబాస్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"సర్టిఫికెట్ అంటే బ్రహ్మవిద్య కాదన్నా. కుప్పం సర్వరు పిలిస్తే మన సర్వరు నువ్వెవరని అడుగుతుంది. అది తన సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద మనం నమ్మే సంతకం ఉండి, గడువు దాటకుండా ఉంటేనే మాట కలుపుతుంది. కుప్పం సర్వరు కూడా మనల్ని అట్లే అడుగుతుంది. ఏడాదికొకసారి కొత్త సర్టిఫికెట్లు చేసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టే ఫైలు ఈ పెన్‌డ్రైవులో ఉంది. దాని పాస్‌వర్డు నీ ఒక్కడి మనసులోనే ఉండాలి."

ఆ రోజు బర్నబాస్‌కు గర్వంగా అనిపించింది. పెద్ద చదువులవాళ్లు ఉండగా తనను నమ్మారు. ఆ నమ్మకం కాళ్లకు అడ్డం పడుతుందని అప్పుడు తోచలేదు.

బదిలీ కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. మూడుసార్లూ ఆసుపత్రి పరిపాలన చూసే శాంతికుమార్ ఒకే మాట అన్నాడు. "నువ్వు కదిలితే ఇక్కడ చూసేదెవరు బర్నబాసూ? ఎప్పుడేం ఆగిపోతుందో తెలీదు. నువ్వు గంటలో వచ్చేటంత దూరంలోనే ఉండాల."

గంట దూరమంటే పుంగనూరు దాకానే. కుప్పం పోవడానికే మూడున్నర గంటలు. ఒకసారి సెలవు దొరికి పోతే, మణెమ్మ సంగటి ముద్ద పళ్లెంలో పెట్టేలోపే ఫోన్ మోగింది. తిరుగు బస్సులో కూర్చుని డబ్బాలో పెట్టిచ్చిన ముద్ద తిన్నాడు. మెడలో తాడు లేదుగాని పలుపు కట్టిన ఎద్దుకూ తనకూ పెద్ద తేడా కనిపించలేదు. వదిలేసి పోదామంటే పదో తరగతివాడికి కంప్యూటర్ పని ఇంకెవరిస్తారు? ఉద్యోగం పోతే క్వార్టర్సూ పోతుంది.

పోయిన వానాకాలం ఒక శనివారం పొద్దున, బర్నబాస్ పుంగనూరు శాఖలో ఉండగా మణెమ్మ ఫోన్ చేసింది.

"ఏమప్పా, యాడుండావు?"

"పుంగనూర్లో. ఏమైంది?"

"రామకుప్పం కాడ ఏనుగులు రాగిచేన్లో పడినాయంట. అంకయ్య అని ఒకాయన తరమను పొయ్యి, అవి ఎదురు తిరిగితే పరిగెత్తి గట్టు మీంద నుంచి పడినాడు. మెడ ఎక్స్‌రే తీసినాము. మదనపల్లె పెద్ద డాక్టరు సూసి సెప్పేదాకా కదిలించేదానికి లేదు. కంప్యూటర్లో పంపిస్తే పోలేదు. ఏందో ఎర్ర అక్షరాలు వస్తాండాయి."

"ఫోన్లో ఫొటో తీసి పంపినారా?"

"పంపినాము. దాంట్లో సన్న పగులు కనపడదంట. ఈడ ఆయన కాళ్లల్లో తిమ్మిరంటాండాడు."

బర్నబాస్ గడియారం చూశాడు. బస్సెక్కినా మూడు గంటల లోపు కుప్పం చేరలేడు. "ఎర్ర అక్షరాలు నిదానంగా సదువు" అన్నాడు.

ఆమె ఒక్కో అక్షరం చదివింది. సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదని దాని అర్థం. బర్నబాస్‌కు వింతగా తోచింది. గడువు దాటడం చూశాడుగాని, ఇంకా రాకపోవడమేమిటి?

"రాత్రి కరెంటు పొయ్యిందా?"

"తెల్లార్లూ లేదు."

"అయితే సర్వరు గదిలోకి పొయ్యి తెర మీంద ఏం తేదీ ఉండాదో సూడు."

ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత, "ఇదేందప్పా, రెండువేల పదమూడు జనవరి అంటాది!"

సర్వరు లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోగానే దాని గడియారం వెనక్కి పోయింది. ఈ ఏడాది చేసిన సర్టిఫికెట్ ఆ సర్వరు కంటికి ఇంకా పుట్టనే లేదు. ఎక్కడ నొక్కాలో, తేదీ ఎలా దిద్దాలో బర్నబాస్ చెబుతుంటే మణెమ్మ చేసింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి, "పోతాండాది... పొయ్యింది!" అని అరిచింది.

పావుగంటలో డాక్టరు ఎక్స్‌రే చూశాడు. మెడ ఎముక చీలింది. మెడకు పట్టీ వేసి, చెక్క పలక మీద కట్టి వేలూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అంకయ్య నెల తర్వాత తన కాళ్ల మీద నడిచి వచ్చాడు.

ఆ సంగతి తెలిసో ఏమో, కంప్యూటర్ల తనిఖీకి వచ్చిన గోవిందస్వామి అనే పెద్దమనిషి బర్నబాస్‌ను చాలాసేపు ప్రశ్నలడిగాడు. చివరికి శాంతికుమార్ వైపు తిరిగాడు. "అంతా ఒక్కరి తలలో ఉండటమేంటండీ? ఈయనకు జ్వరమొచ్చి మాట పడిపోతే? ఈయన మనసు చెడితే? పాస్‌వర్డు రెండు ముక్కలు చేసి ఇద్దరికివ్వండి. పూర్తి నకలు సీలు వేసి బ్యాంకు లాకరులో పెట్టండి."

బర్నబాస్‌కు ఊపిరాడినట్టయింది. రెండో మనిషి ఎవరని అడిగితే మణెమ్మ పేరు చెప్పాడు. కుప్పంలో సర్వరు ముట్టుకున్నది ఆమె ఒక్కతే కదా. గోవిందస్వామి భార్యాభర్తలని విని నొసలు ముడిచాడుగాని, ఇంకెవరూ ముందుకు రాలేదు. ఆ వారమే బర్నబాస్ నాలుగో అర్జీ రాశాడు. ఇప్పుడు బరువు మోసేది తానొక్కడే కాదు గదా, కుప్పం నుంచే పని చూసుకుంటానని.

అర్జీ మూడో రోజుకే తిరిగొచ్చింది.

"సదివినావా?" అన్నాడు శాంతికుమార్, మొహం చూడకుండా. "రెండు ముక్కలూ ఒకే ఇంట్లో ఉండకూడదని తనిఖీలో రాసినారు. ఆమె ఆడ, నువ్వు ఈడ. ఇంక బదిలీ మాట నా చేతిలో లేదప్పా."

బర్నబాస్ వరండాలోకి వచ్చి అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె పేరు చెప్పింది తానే. ఆ సాయంత్రం మణెమ్మకు ఫోన్లో చెప్పాడు.

"పోనీలే అప్పా. నువ్వు ఒకటి అనుకుంటివి, ఇంకొకటాయ" అని పెట్టేసింది.

కొత్త పద్ధతిలో మొదటి సంతకానికి ఇద్దరినీ పుంగనూరు శాఖకు రమ్మన్నారు. మణెమ్మ పొద్దున్నే బయలుదేరి పది గంటలకు చేరింది. బర్నబాస్ తన సగం కొట్టి, లేచి కిటికీ వైపు తిరిగాడు. ఆమె ఒక్కో మీటా వెతుక్కుంటూ తన సగం కొట్టింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఇద్దరి మధ్యా దాచిన మాట అదొక్కటే.

సర్టిఫికెట్ ఎన్నాళ్లు చెల్లాలని తెర అడిగింది. బర్నబాస్ మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ మూడువందల అరవై అయిదు రోజులని కొట్టేవాడు. చెయ్యి ఆగింది. ముప్పై కొట్టాడు.

మూడు నెలలు గడిచాక శాంతికుమార్ పిలిచి, "నెలనెలా ఈ తిరుగుడు యాల?" అని అడిగాడు.

"గడువు తక్కువైతే దొంగ చేతికి చిక్కినా ఎక్కువ దినాలు చెల్లదు సార్. ఇప్పుడు అందరూ తగ్గిస్తాండారు."

అది నిజమే. నిజమే అయినా ఆ మాట చెప్పేటప్పుడు బర్నబాస్ గోడవైపు చూశాడు. శాంతికుమార్ సరేనని పంపేశాడు.

ఇప్పటికీ నెలకొకసారి పుంగనూరులో కలుస్తారు. పని పావుగంటలో అయిపోతుంది. తర్వాత బస్టాండు ఎదురు హోటల్లో అన్నం తింటారు. రోగుల సంగతులు ఆమె చెబుతుంది, బర్నబాస్ వింటాడు. తనకు రిటైరుమెంటు ఇంకా ఏడేళ్లుంది, ఆమెకు తొమ్మిది. ఆ లెక్క ఇద్దరూ ఎత్తరు. రెండున్నరకు కుప్పం బస్సు వస్తుంది. ఆమె కిటికీ పక్క సీటు దొరికిందో లేదో చూసి, బర్నబాస్ అవతలి వైపు మదనపల్లె బస్సు దగ్గరికి నడుస్తాడు.