చిన్నమ్మమ్మ ఎత్తిన ఫోను

తిండికి తప్ప నోరు విప్పరేంట్రా? మీ చిన్నమ్మమ్మ గురించి ఒక్కరైనా అడిగారా? ఆవిడకి నెట్ సెంటరు ఉండేది. మాట్లాడుతూ చూపుడువేలితో బల్లమీద టకటకా కొట్టేది. ఓసారి నెట్ సరిగా రాక కంపెనీ మార్చబోతే, పాత కంపెనీ లైను వదిలితేగానీ కొత్త కంపెనీ నెట్ ఇవ్వనంది. పాతవాళ్ళకి ఎప్పుడు ఫోన్ చేసినా పాటలే వినిపించేవి. గిరాకీ అంతా పక్కవీధికి పోతోంది. ఆవిడ కొంగు దోపుకుని తిన్నగా వాళ్ళ ఆఫీసుకే వెళ్ళి కూర్చుంది. అక్కడ ఫోను మోగుతున్నా ఎవరూ ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది.

“చెప్పు నాయనా. వీళ్ళు టీ తాగుతున్నారు. నువ్వూ వచ్చెయ్, నా పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది.”

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, పెట్టెయ్యండి! మీ లైను ఇప్పుడే వదిలేస్తాం!”

“నాది సరే బాబూ, ముందు ఈయన గోడు విను,” అని బల్లమీద టకటకలాడించి, ఫోను అతని చేతిలో పెట్టింది.

సాయంత్రానికల్లా కొత్త నెట్ వచ్చింది. ఆవిడ తర్వాతెప్పుడో, డెబ్బై ఎనిమిదో ఏట పోయింది.