కోదాడలో రెండో సగం

పొద్దున పేపర్ జిల్లా పేజీలో కింద మూలకు ఒక చిన్న పట్టిక వేశారు. మా చుట్టుపక్కల ఊళ్ళ ఫుట్‌బాల్ లీగ్‌లో ఇప్పటిదాకా ఎవరు ఎన్ని ఆడారు, ఎన్ని గెలిచారు అని. మా సూర్యాపేట క్లబ్బు పేరును కింది నుంచి వెతకడం నాకు అలవాటే. ఈసారి వెతికే పని కూడా పెట్టలేదు, అట్టడుగునే ఉంది. ఐదు ఆటలు, నాలుగు ఓటములు, ఒక డ్రా. మా ఆవిడ కూడా చూసే ఉంటుంది, పేపర్ మొదట తీసేది తనే. ఈ సీజన్ గురించి మా ఇంట్లో మాట్లాడుకోవడం మానేసి నెల దాటింది.

ఇరవై రెండేళ్ళుగా నేను ఆ క్లబ్బు మనిషిని. ఆడింది మాత్రం ఒక్కరోజు లేదు. బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి, సాయంత్రమైతే లైను బయట నిలబడి అరిచేవాణ్ణి. అందరూ క్రికెట్ చూసే ఊళ్ళో ఫుట్‌బాల్ చూసేది మేం పాతికమందిమి, అందులో నా గొంతు పదిమంది పెట్టు. క్లబ్బును నడిపేది రిటైరైన పీఈటీ సారు ఒకాయన. ఈ ఏడు ఆయనకు ఆటగాళ్ళు దొరకడమే కష్టమైంది. చదువుకునేవాళ్ళు హైదరాబాద్ వెళ్ళిపోయారు. గోల్‌కీపర్‌గా ఒక ధాన్యం వ్యాపారి కొడుకును పెట్టారు. కళ్ళజోడు తీస్తే అతనికి బంతి కనబడదు, పెట్టుకుంటే పగులుతుందని భయం. మోతె టీం మా ఊరికే వచ్చి మమ్మల్ని ఓడించి, మా దగ్గరే మిర్చి బజ్జీలు తిని వెళ్ళింది. మిర్యాలగూడలో మా గోల్‌లోకి బంతి మేమే కొట్టుకుని ఓడిపోయాం. మూడో ఆట డ్రా అయితే కప్పు గెలిచినట్టు చేతులు కలుపుకున్నాం.

ఆ డ్రా మా బామ్మర్ది పుణ్యమే. మా ఆవిడ తమ్ముడు, మిర్యాలగూడలో రైస్ మిల్లులో హమాలీ. ముప్పై నాలుగేళ్ళు. వెనక నిలబడితే గోడ. బస్తాలు మోసి మోసి మెడ భుజాల్లో కలిసిపోయింది గానీ, బంతి వెంట పడితే పదహారేళ్ళ పిల్లాడు. పెళ్ళినాడు కూడా పొద్దున ఒక ఆట ఆడి వచ్చి పీటల మీద కూర్చున్నాడు. ఆదివారమైతే మొదటి బస్సుకే సూర్యాపేటలో దిగి, మా ఇంట్లో ఉప్మా తిని, నాతోపాటు గ్రౌండ్‌కు వచ్చేవాడు.

నాలుగో ఆట కోదాడలో. మావాళ్ళు సరిగ్గా పదకొండు మందే వచ్చారు, బదులు దిగడానికి ఒక్కడు లేడు. అయినా ఆ రోజు ఏం పూనిందో, సగం ఆటకు ఒక గోలు ముందున్నాం. సీజన్ మొత్తంలో మేం ముందుండటం అదే మొదలు. నా గొంతు అప్పటికే బొంగురుపోయింది. విరామంలో బామ్మర్ది కుంటుకుంటూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. మోకాలు కొబ్బరికాయలా ఉబ్బింది. మొన్న మిల్లులో లారీ మీంచి దిగుతుంటే మడత పడిందట, ఎవరికీ చెప్పలేదు.

"బావా, ఇగ నాతోని కాదు. కూసుంట," అన్నాడు.

పీఈటీ సారు విని, "వద్దు బిడ్డా, కూసో. పది మందితోనే ఆడుదం," అన్నారు.

ఊరుకుంటే అయిపోయేది. నేనే కలగజేసుకున్నాను. "గిన్నొద్దులకు గెలుస్తున్నం, గిప్పుడు కూసుంటవా? జర ఓర్సుకో. బస్తాలు మోసేటోనివి, గీ నొప్పికే పరేషానైతె ఎట్ల?"

వాడు నా వైపు చూశాడు. కోపంగా కాదు. బూటు లేసు విప్పి మళ్ళీ గట్టిగా కట్టుకుని లేచాడు.

పది నిమిషాలు కూడా కాలేదు. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. పక్కకు తిరగబోయి పడిపోయాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు లైను బయటికి వినబడింది. కోదాడ ఆటగాడొకడు పరుగెత్తుకొచ్చి వాడి తల పట్టుకుని, "అన్నా, కదలకండి, కాలు అలాగే ఉంచండి," అంటున్నాడు. నలుగురం మోసి ఆటో ఎక్కించాం. ఒక మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. ఆటో కదులుతుంటే ఆట మళ్ళీ మొదలైంది. వాడి తల నా ఒళ్ళో ఉంది. నేను వెనక్కి తిరిగి బంతి ఎటు పోయిందో చూశాను. మూడు గోల్స్ తిని ఓడిపోయామని మర్నాడు తెలిసింది.

ఎముక చిట్లింది, లోపలి నరాలు తెగాయన్నారు దవాఖానలో. ఆపరేషన్ చేశారు. ఇక బరువు మొయ్యకూడదన్నారు. మా ఆవిడ వరండాలో నిలబడి ఒక్కటే అడిగింది. "నువ్వే దిగమన్నవంట గదా?" అవునన్నాను. అప్పటి నుంచి అన్నం పెడుతుంది, చాయ్ ఇస్తుంది. మాట మాత్రం అక్కడే ఆగింది.

ఐదో ఆటకు తొమ్మిది మందితో దిగారు. నేనూ వెళ్ళాను, నోరు తెరవలేదు. పీఈటీ సారు ఒకసారి నా వైపు చూసి తల తిప్పుకున్నారు.

పోయిన వారం మిర్యాలగూడ వెళ్ళాను. బామ్మర్దిని మిల్లు గేటు కాడ కుర్చీలో కూర్చోబెట్టారు, వచ్చిపోయే లారీలను లెక్కపెట్టడం పని. తోటి హమాలీలు బస్తాలెత్తుకుని ముందు నుంచి పోతుంటే వాడు నేలచూపులు చూస్తున్నాడు. పక్కన కూర్చుని, "తప్పు నాదేరా. నేను దిగమనకపోతే ఇట్ల కాకపోయేది," అన్నాను.

వాడు మోకాలి మీద చెయ్యి పెట్టుకుని అన్నాడు. "నువ్వన్నవని దిగలే బావా. నాకే గెలవాలనిపించింది."

నిజమే చెప్పాడో, నా కోసం అన్నాడో తెలియదు. అడిగే ధైర్యం లేక లేచాను. నన్ను సాగనంపడానికి వాడూ లేవబోయి, కుర్చీ చెయ్యి పట్టుకుని సగంలో ఆగిపోయాడు. భుజం ఇచ్చి నిలబెట్టాను. నూరు కిలోల బస్తా మోసిన మనిషి నా మీద ఆనుకుంటే బరువే లేడు.

సీజన్లో ఇంకా మూడు ఆటలున్నాయి, అవి ఎట్లాగో అయిపోతాయి. ఇరవై రెండేళ్ళలో చూసిన ఆటల్లో సగం నాకు గుర్తు లేవు, వాడు నా వైపు చూసి లేసు కట్టుకున్న ఆ అర నిమిషం మాత్రం ఇంకా జరుగుతూనే ఉంది.