ముగ్గు పోసిన ఇల్లు

ఈమధ్య దొరికే సిరా ఏడాదికే వెలిసిపోతోంది. యుద్ధం ముగిసిన ఏడు నేను గీసిన ఇంటి ప్లాను మాత్రం పెట్టెలో ఇప్పటికీ నల్లగా నిగనిగలాడుతోంది. ఆనాటి సిరా మీద నా కోపం అదే.

తిరుపతిలో మేము కొన్న స్థలంలో ఇల్లు కట్టడానికి వడమాలపేట నుంచి ఒక మేస్త్రి వచ్చాడు. బి.ఏ. చదివినవాణ్ణి కనుక ప్లాను నేనే గీసి, ఆ మాటా చెప్పి చేతికిచ్చాను. ఆయన దాన్ని మర్యాదగా చూసి, మర్యాదగా మడిచి, నాకే ఇచ్చేశాడు.

"కాయితం మింద కాపరం సేస్తామా సామీ? గదులు ఎన్నెన్ని అడుగులో సెప్పండి, నేల మింద ఏస్తా."

పునాది తవ్వే ముందు నేల మీద ముగ్గు పోసి, ఉండబోయేవాళ్లను ఆ గీతల మధ్య తిప్పి చూడటం ఆయన పద్ధతి. నేను చెప్పిన కొలతలకే గీతలన్నీ పోసి, మా ఆవిడను పిలిచాడు.

"అమ్మా, వంటింట్లో పొయ్యి ముందర కూసోండి. అన్నం వారుస్తా ఉండారనుకోండి."

ఆమె కూర్చుంది. గంజి వార్చడానికి కాస్త వెనక్కి జరిగింది. వీపు గోడ దాటింది.

"అమ్మ ఈదిలో ఉండారు సామీ," అన్నాడు మేస్త్రి.

మా ఆవిడ నవ్వలేదు. "పోయేదాకా ఈడ కూసోవాల్సింది నేను గదా మేస్త్రీ," అంది.

ఆయన వంటిల్లు పెంచడానికి చోటు వెతుకుతూ పక్క గదిలోకి నడిచాడు. ఇంటి మొత్తానికి అదే పెద్దది.

"ఇదేంది సామీ?"

"నేను చదువుకునే గది," అన్నాను, గొంతు తగ్గించి.

గీత చెరపబోయిన కాలు ఆపి, నా వంక నిజమైన జాలితో చూశాడు.

"బీయే అయిపోయిందంటిరే. ఇంగా సదవాల్సింది మిగిలిపోయిందా?"