సీనియర్ మీద నోటీసు

ఆ రోజుల్లో నాకు నల్లకోటు కొత్త, భయం మాత్రం పాతదే. తాండూరు కోర్టు ఎదురుగా ఉన్న సీనియర్ గారి ఆఫీసులో చేరి వారం కూడా కాలేదు. ఎవరూ ఏదీ అడగకుండా సాయంత్రమైతే చాలని దండం పెట్టుకుంటూ కూర్చునేదాన్ని. సీనియర్ పొద్దున వికారాబాద్ కోర్టులో, మధ్యాహ్నం తాండూరులో వాదించేవారు. నడుమ భారమంతా రైలు మీద. (రైలుకు మాత్రం ఏ కోర్టన్నా లెక్కలేదు.)

ఒకరోజు యాలాల్ నుంచి గొర్రెలు కాసుకునే తాత ఒకడు వచ్చాడు. ఎండాకాలంలోనూ భుజాన గొంగడి. ఉన్న ఒక్క చెక్క పొలంలోకి పక్కవాడు జరుగుతుంటే కేసు వేశాడట. కోర్టులో పేరు పిలిచినప్పుడు వకీలు లేడని కేసు కొట్టేశారట. పక్కవాడు అప్పుడే ట్రాక్టర్ దింపాడట. "వకీలు మీద ఇంకో వకీలు కేసేస్తడా, వకీలమ్మా?" అన్నాడు. నన్ను అట్లా పిలిచిన మొదటి మనిషి. ఇంకేముంది, ఉబ్బిపోయాను. కేసు ఓడిపోవడం వకీలు తప్పు కాదు తాతా, కానీ పిలుపు వేళకు రాకపోవడం, తన బదులు ఇంకొకరిని నిలబెట్టకపోవడం ముమ్మాటికీ తప్పే, ఏ మామూలు వకీలైనా ఆ మాత్రం జాగ్రత్త పడతాడు అని దంచేశాను. నోటీసు రాయడానికి కాగితం కూడా తీసి, ఇంతకీ ఆ పెద్దమనిషి ఎవరని అడిగాను.

తాత చేతికర్రను నా వెనకున్న ఖాళీ కుర్చీ వైపు ఎత్తాడు. "గా కుర్సీల కూసునేటాయనే."

తీసిన కాగితాన్ని చేత్తో కప్పేశాను. మరి ఇక్కడికే ఎందుకొచ్చావని అడిగితే, "నా కాయితాలన్నీ ఈడనే ఉన్నయి. ఇంకేడికి పోవాలె?" అన్నాడు. అంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడు. సీనియర్. నా ఉపన్యాసమంతా విన్నట్టే ఉన్నారు. అయిపోయింది, రేపటి నుంచి ఇంట్లో వడియాలు పెట్టుకోవాల్సిందే అనుకున్నాను. తాత కర్రను దగ్గరికి లాక్కున్నాడు. కానీ లేవలేదు. ఆ పొలం పోతే ఆయనకు ఇంకేం మిగలదు.

సీనియర్ కోటు విప్పకుండానే ఆ కుర్చీలో కూర్చుని, నా చేతి కింది కాగితం వైపు చూపించారు.

"నోటీసు తర్వాత రాద్దువు గానీ అమ్మా. ముందుగాల కేసు మళ్ల తెరిపిచ్చే అర్జీ రాయి. తప్పు తాతది కాదు, రైలును నమ్ముకున్న వకీలుది అని రాయి. నేను సంతకం పెడ్త."

కేసు మళ్లీ తెరుచుకుంది, ట్రాక్టర్ ఆగింది. తాత నోటీసు మాట మళ్లీ ఎత్తలేదు గానీ, వాయిదా ఉన్నప్పుడల్లా పొద్దున్నే తాండూరు స్టేషన్‌కు పోయి, సీనియర్ దిగేదాకా అక్కడే కూర్చునేవాడు.

ఇప్పుడు ఆ కుర్చీ నాది. వికారాబాద్‌లో పనున్న రోజు తాండూరులో నా బదులు ఎవరు నిలబడాలో ముందే చూసుకుంటాను. ఆనాడు కాగితం తీసిన పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, అంత ధైర్యంగా మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ నా జూనియర్ ముందు ఏ ముసలాయనైనా కర్ర ఎత్తితే, ఎటు ఎత్తాడో చూసేదాకా నాకు ఊపిరాడదు.