నోరు కంటిని దాటిన చేప

వాలుగ చేపను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఒంటికి పొలుసు ఉండదు. పైదవడకు రెండు పొడుగాటి మీసాలు. కన్ను చిన్నది, నోరు మాత్రం ఆ కంటిని దాటి వెనక్కి పోతుంది. ఆరో తరగతిలో బడి మానేసిన నాకు ఊళ్లో దక్కిన బిరుదు ఆ చేప పేరే. ఇచ్చింది మా అమ్మ. "వీడి నోరూ అంతే, చూసిందాన్ని దాటి పోతాది," అనేది.

అమ్మ చాలా ఏళ్లు అల్లూరు వీధుల్లో చేపల గంప మోసింది. వాలుగ సంగతులన్నీ ఆమె చెప్పినవే. పగలు చెరువు మడుగులో అడుగున పడుకుంటుంది, చీకటి పడ్డాక వేటకు లేస్తుంది. పెద్ద వానకు చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు పోయే కలుజు పొర్లితే, ఆ నీటికి ఎదురీది మోకాలి లోతు మడుల్లో గుడ్లు పెడుతుంది. చెరువును వేలంలో పాడుకుని పిల్ల చేపలు తెచ్చి వదిలే పాటదారుకు ఇదంటే మంట, వాటిని మింగేస్తుందని. కనబడితే చెప్పమని ఊరంతటికీ చెప్పి పెట్టాడు. చెబితే మనుషులు ఈటెలతో దిగుతారు. కొన్నేళ్లుగా ఒక్కటీ కనబడలేదు. "ఇంకేడ వాలుగ, అయిపోయినాయి," అని అమ్మ తేల్చేసింది.

మొన్న కార్తీకంలో కలుజు పొర్లిన పొద్దున, మా కౌలు మడి గట్టు తెగిందేమోనని చూడబోయాను. గడ్డి దుబ్బుల మధ్య నీళ్లు కదిలాయి. రెండు వాలుగలు. పెద్దది నిలబెడితే నా నడుముకు వస్తుంది. ఒకదాన్నొకటి చుట్టుకుంటున్నాయి, విడిపోతున్నాయి, మళ్లీ చుట్టుకుంటున్నాయి.

ఫోన్ తీశాను. ఒక్క ఫోటో చాలు, ఇన్నేళ్ల నా కోతలన్నిటికీ సాక్ష్యం. కానీ అది ఊరి గ్రూపులో పడితే చాలు, గుడ్లు పడకముందే ఈటెలు పడతాయి. ఫోన్ జేబులో పెట్టి, గట్టు మీద కూర్చున్నాను.

పాటదారు మనిషొకడు రోడ్డు మీద బండి ఆపాడు. "ఏందన్నా, నీళ్లలో అంతగా చూస్తా ఉండావు?"

"నా మొగం. కుదురుగా కనబడటంలా."

నవ్వి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం పెడుతూ అడిగింది. "ఇంతసేపు ఏం చూసినావురా?"

"నత్తలు."

"ఎన్ని?"

"రెండు."

గరిటె ఆగింది. "పెద్దవా?"

అలవాటు కొద్దీ చేతులు రెండూ చాచి, సగంలో ఆపేశాను. "నత్తలు నత్తలంత ఉంటాయి మా."

అమ్మ నా చేతుల మధ్య ఖాళీని కాసేపు చూసింది.

"ఎవరన్నా అడిగితే నేనూ నత్తలనే చెప్తాలే," అంది, ఇంకో గరిటె పులుసు పోస్తూ.