ఒక్క డిస్కులో అక్క పెళ్లి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందని నాకే తెలియదు. జీడిమెట్లలో కంప్యూటర్ ఆపరేటరుగా కొత్తగా చేరాను. మా ఊరు అలియాబాద్‌లో ఎవరింట్లో టీవీ మూగబోయినా నన్నే పిలిచేవారు. (కంపెనీలో నేను చేసేది మందుల డబ్బాలకు లేబుళ్లు ప్రింటు తీయడం. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) అందుకే అక్క పెళ్లి వీడియో బాధ్యత నా నెత్తిన పడింది.

పెళ్లి షామీర్‌పేట ఫంక్షన్ హాల్లో జరిగింది. అంతకు వారం ముందే అవ్వ వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది, పాపం పెళ్లికి రాలేకపోయింది. అప్పగింతలప్పుడు బాపు ఏడ్చాడని చిన్నమ్మ వచ్చి చెబితే, కంట్లో నలక పడిందని బాపు కొట్టిపారేశాడు. కొడుకైన బాపు కంట నీరు అవ్వ ఎన్నడూ చూసి ఎరగదు. "ఈడియో రానియ్యి, నేనే సూస్త" అంది. ఆ రోజు నుంచి మంచంలో ఆమెకు అదే ఎదురుచూపు.

వీడియో తీసినాయన మూడు డిస్కులవుతాయన్నాడు. మధ్యమధ్యలో లేచి డిస్కు మార్చడం నాకు నామోషీగా తోచింది. ఒక్కదాంట్లోనే ఎక్కిస్తానని గొప్పగా చెప్పి, రికార్డింగంతా ఇంటికి తెచ్చుకున్నాను. బాపు ఒకటే షరతు పెట్టాడు: "ఎవ్వర్నీ కొయ్యకు. అచ్చింతలేసినోళ్ల మొకం కనవడకుంటే రేపు మాట్లాడరు." (నిజంగానే మాట్లాడరు. ఇలాగే ఒక మేనమామ మా గడప తొక్కడం మానేశాడు.) దాంతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జరిగిన పెళ్లినంతా ఒక్క డీవీడీలో కుక్కాను. కంప్యూటరు ఏదో హెచ్చరించింది కానీ, చదవకుండానే సరేనని నొక్కేశాను.

ఆదివారం చుట్టాలంతా చేరారు. పొలం అమ్మిన కొత్తలో బాపు కొన్న గోడంత టీవీలో బొమ్మ పడింది. అందరూ ఉన్నారు, కానీ ఎవరు ఎవరో తెలియదు. మొహాలన్నీ గచ్చు మీద పరిచిన పలకల్లా ఉన్నాయి. అప్పగింతల దగ్గరైతే బాపు ఒక తెల్ల చొక్కా, దాని మీద నాలుగు చదరాలు. అవ్వ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "నా కండ్లే పోయినట్టున్నయి బిడ్డా" అంది మెల్లగా. నవ్వుతున్నవాళ్లు ఆగిపోయారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బాపు ఒక్కడే హాయిగా ఉన్నాడు.

డిస్కులో చోటు ఇంతేనని, గంటలు పెంచేకొద్దీ ఒక్కో బొమ్మ వాటాకు వచ్చేది తగ్గిపోతుందని నాకప్పుడు అర్థమైంది. యాప్రాల్‌లో ఉండే మా ఆఫీసు సహోద్యోగిది కోస్తా వైపు. "డీవీడీలో ఎందుకండీ కుక్కడం? బ్లూరే డిస్కులో దానికి ఐదింతలు పడుతుంది" అని, పెళ్లంతా తనే అందులోకి ఎక్కించి ఇచ్చి, వాళ్లింటి ప్లేయరు కూడా నా చేతిలో పెట్టాడు.

మళ్లీ ఆదివారం. ఈసారి తలంబ్రాల్లో గింజలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. అప్పగింతలు దగ్గరపడుతుంటే బాపు నా చెవి దగ్గరికి వంగి "గా ముక్క జల్దీ ముందుకు నడిపియ్యి" అన్నాడు. నేను లేవబోయాను. అవ్వ చెయ్యి చాపింది.

"రిమోటు గిట్లియ్యి."

తెర మీద బాపు స్తంభం చాటుకు తిరిగాడు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు కానీ, మీసం మీది తడి స్పష్టంగా కనిపించింది. అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత బాపును దగ్గరికి పిలిచి, పొడిగా ఉన్న అతని చెంపను కొంగుతో తుడిచింది.

"గప్పుడు పక్కన లేకపోతిని గద, నాయినా" అంది.

అవ్వ ఇప్పుడు లేదు. మొన్న మా అమ్మాయిని హాస్టల్లో దింపి వచ్చాం. మా ఆవిడ ఫోనులో వీడియో తీసి, ఫుల్ క్వాలిటీలో పంపనా అని అడిగింది. చిన్న సైజు చాలన్నాను. నా మాట ఎప్పుడు విన్నది కనుక? పెద్దదే పంపింది. గేటు స్తంభం చాటున నేను అచ్చం బాపులాగే ఉన్నాను. ఒంటరిగా రెండోసారి చూస్తుంటే, నాకు తెలియకుండానే చెంప కాస్త ముందుకు వంచాను.