సర్వర్ గది తీసేయమన్న జయపాల్

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక పెద్ద పాల కంపెనీలో జయపాల్ పదిహేడేళ్ల కింద ఏసీ మెకానిక్‌గా చేరాడు. సర్వర్ గదిని చల్లగా ఉంచడం అతని పని. తాను చల్లబరుస్తున్న ఆ పెట్టెల్లో ఏముందో తెలుసుకోవాలని అతనికి మొదటి వారంలోనే అనిపించింది. ఇంజనీర్లు వచ్చినప్పుడల్లా పక్కనే నిలబడి అడిగి, నోట్‌బుక్కులో రాసుకునేవాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక శేరిగూడలో కంప్యూటర్ క్లాసులకు పోయేవాడు. ఐదేళ్లు తిరిగేసరికి ఆ గది మొత్తం అతని చేతికే వచ్చింది.

కంపెనీకి తొమ్మిది వందల పాల కేంద్రాలున్నాయి. ఏ రైతు ఎన్ని లీటర్లు పోశాడు, వెన్న శాతం ఎంత, ఏ ట్యాంకర్ ఎక్కడుంది, అంతా ఆ గదిలోని సర్వర్లలోనే.

నిరుడు వానాకాలంలో ఒక ఉదయం ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. జనరేటర్ అందుకుంది కానీ ఏసీలు మళ్లీ లేవలేదు. జయపాల్ క్యాంటీన్ నుంచి ఫ్యాన్లు మోసుకొచ్చాడు, తలుపులు బార్లా తెరిచాడు. అయినా అరగంటలో సర్వర్లు వేడెక్కి ఆగిపోయాయి. వాటితోపాటు తొమ్మిది వందల కేంద్రాల్లో పాలు తీసుకోవడమూ ఆగింది. పదింటికి సర్వర్లు లేచేసరికి చాలాచోట్ల పాలు విరిగిపోయాయి.

మూడోరోజు ఎండీ ఉమారాణి మీటింగు పెట్టింది. ఐటీ మేనేజర్ విద్యాసాగర్ ఇంకో పెద్ద గది కట్టాలన్నాడు. సిటీ నుంచి వచ్చిన సలహాదారులు అంతా క్లౌడ్‌లోకి మార్చేయమన్నారు. ఉమారాణి వెనక వరుసలో కూర్చున్న జయపాల్ వైపు చూసింది.

"నువ్వేమంటవ్?"

"గది తీసెయ్యాలె మేడం," అన్నాడు జయపాల్. "క్లౌడ్ అంటే ఏముంది, వేరేటోళ్ల సర్వర్లు కిరాయికి తీస్కునుడే. కాకుంటే వాళ్లకాడ ఒక బిల్డింగుల కరెంటు పోతే ఇంకో బిల్డింగుల నడుస్తది. మనకు ఒక్కటే గది. ఎంత పెద్దగ కట్టినా ఒక్కటే."

విద్యాసాగర్ అతని వైపు తిరిగాడు. "నీ నౌకరి గా గదిలనే ఉన్నది జయపాల్, యాదున్నదా?"

"ఉన్నది సార్. లోపల ఇన్నేండ్లున్న గనకనే చెప్తున్న. కానీ అంతా తీస్కపోయి ఆడ వెడితే గూడ తప్పే. ఊర్ల నెట్టు పోతే పాలు పొయ్యుడు ఆగొద్దు. తూకం, వెన్న చూసుడు కేంద్రంలనే ఒక చిన్న కంప్యూటర్ చేసుకోవాలె. నెట్టు వచ్చినంక పైకి పంపుతది."

సలహాదారులు అంత అవసరం లేదన్నారు. "ఒక్క నెల టైమియ్యండి, చేసి చూపిస్త," అన్నాడు జయపాల్.

నెల తర్వాత ఉమారాణి, విద్యాసాగర్ పొద్దున ఆరింటికి రావిర్యాల పాల కేంద్రానికి వచ్చారు. దాన్ని నడిపే సంతోషమ్మ ముందు క్యాన్లతో జనం వరుసకట్టి ఉన్నారు. జయపాల్ నేరుగా వెళ్లి నెట్ వైరు పీకేశాడు.

"అయ్యో, గదేంది అన్నా! పాలు ఇరిగిపోతయ్!" అంది సంతోషమ్మ.

"ఫికర్ చెయ్యకక్కా, పొయ్యమను."

ఆమె అనుమానంగానే మొదటి క్యాను పోయించింది. మిషన్ వెన్న శాతం చూపించింది, చీటీ బయటికొచ్చింది. రెండోది, మూడోది కూడా. వరుస కదిలింది. ముప్పయి ఒక్కమంది పోశాక జయపాల్ వైరు మళ్లీ పెట్టాడు. కాసేపటికి ఉమారాణి ఫోన్‌లో ముప్పయి ఒక్క పేర్లూ కనిపించాయి. విద్యాసాగర్ చీటీలు పట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాడు. ఒక్క తేడా కూడా దొరకలేదు.

"నువ్వు చెప్పిందే కరెక్టు," అన్నాడు చీటీలు తిరిగిస్తూ.

ఆ తర్వాత క్లౌడ్‌లోకి మార్చే పని అంతా విద్యాసాగరే దగ్గరుండి నడిపించాడు. కొత్త లెక్క, పాత లెక్క నెలపాటు కలిసేదాకా పాత సర్వర్లు ఆపొద్దని పట్టుబట్టాడు. అది మంచి మాటని జయపాల్ ఒప్పుకున్నాడు. ఆఖరి సర్వర్‌ని జయపాలే ఆపాడు. ఎన్నో ఏళ్లుగా చెవిలో ఉన్న హోరు ఒక్కసారి తగ్గేసరికి కొంచెం వింతగా అనిపించింది, అంతే. మర్నాడే కొత్త పనిలోకి దిగాడు. ఇప్పుడు తొమ్మిది వందల కేంద్రాల కంప్యూటర్లకూ అతనే పెద్ద, కింద ఆరుగురున్నారు.

మొన్న కొంగరకలాన్ దగ్గర రోడ్డు తవ్వుతూ ఎవరో కేబుల్ తెంపారు. నూటపన్నెండు కేంద్రాలకు మధ్యాహ్నం దాకా నెట్ లేదు. పాలు మాత్రం ఎక్కడా ఆగలేదు. కబురు ఫోన్‌కు వచ్చినప్పుడు జయపాల్ ఇడ్లీ తింటున్నాడు. ఇంకో రెండు పెట్టించుకుని, నిదానంగా తిని బయలుదేరాడు.